నల్లరాళ్ల మీద నేర్చిన విద్య

ఇప్పటి పిల్లలు తాళ్లూ బూట్లూ కొనుక్కుని మరీ కొండలెక్కుతున్నారు. మా నాయన చూసుంటే నవ్వేవాడు. కొండే లేని పుదుచ్చేరిలో ఆయన నాకు కొండెక్కడం నేర్పాడు మరి.

ముదలియార్‌పేటలో ఉండేవాళ్లం. నాయనది మిల్లు పని. ఆదివారం దొరికితే చాలు, సైకిల్ మీద నన్నూ అమ్మనూ బీచికి తీసుకెళ్లేవాడు. అలలు ఊరి మీదికి రాకుండా పోసిన నల్లరాళ్లే మా కొండలు. పాచి మీద చెప్పు జారుతుంది, ఒట్టికాలు జారదని ఆయన సిద్ధాంతం. అమ్మ మాత్రం బీచి కట్ట దిగి రాళ్ల మీదికి వచ్చేది కాదు. కాస్త ఎత్తు నుంచి కిందికి చూసినా ఆమెకు కళ్లు తిరిగేవి.

ఒక వేసవిలో ముగ్గురం బస్సెక్కి, పాతకోట ఉన్న సెంజి కొండకు వెళ్లాం. కొండ మొదట్లో నాయన అలవాటుకొద్దీ చెప్పులు విడిచేశాడు. నేనూ విడిచాను.

"ఏంది మే, రబ్బరు చెప్పులతో కొండెక్కుతావా?" అని నాయన ఎగతాళి చేసినా అమ్మ విడవలేదు. మా కాళ్ల వైపే చూస్తూ, గోడ పట్టుకుని, వణుకుతూ పైదాకా వచ్చింది.

మధ్యాహ్నానికి రాయి పెనమైపోయింది. సముద్రం తడిపే రాయి తప్ప మరో రాయి ఎరగని వాళ్లం. నాలుగు మెట్లు దిగి, కుయ్యోమంటూ మంటపం నీడలోకి పరిగెత్తుకొచ్చాం. ఎండ తగ్గేదాకా ఆగితే ఆఖరి బస్సు పోతుంది. పొద్దున్నే నాయనకు షిఫ్టు.

"నేను పోయి చెప్పులు తెస్తా" అంది అమ్మ.

"యాడికి మే? కళ్లు తిరిగితే పట్టుకునేదెవరు?"

ఆమె వినలేదు. మెట్ల మలుపులో కనుమరుగయ్యేసరికి నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు ఏడుపొచ్చింది. చాలాసేపటికి, మా చెప్పులు కొంగులో మూటగట్టుకుని రొప్పుతూ వచ్చింది. ఆమెను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"పదండి, బస్సు పోతాది" అన్నాడు నాయన చెప్పులు తొడుక్కుంటూ.

అమ్మ కదల్లేదు. పిట్టగోడ దగ్గర కూర్చుని కిందికి చూస్తోంది. పొలాలు, చెరువులు, తాటితోపులు.

"పొద్దున మీ కాళ్లే చూసినా, ఇంకేమీ చూళ్లేదు. ఉండండి, రోంతసేపు చూస్తా."

ఆమె తనకంటూ ఒకటి అడగడం నేను వినడం అదే మొదలు. నాయన కూడా అంతే అనుకుంటాను. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. బస్సు పోయింది.