తొమ్మిదికి పన్నెండు

గుడిబండె పక్క చెరువులో చేపలు పట్టే చిక్కమ్మకు మోకాళ్లు పట్టేసినాయి. గుండ్రటి పుట్టిలో గొంతుక్కూర్చోని తెడ్డేసే ఓపిక పోయింది. చెరువు మానుకుంటే అక్క బతకలేదని తమ్ముడు ఆంజనేయప్పకు తెలుసు. అందుకే, కూర్చోడానికి పలక ఉండే చిన్న బోటు, దానికొక పాత ఇంజను తెచ్చినాడు. నీళ్లలో తిరిగే ఫ్యాను మాత్రం రెక్క విరిగి ఉండింది.

ఆంజనేయప్పది బతుకంతా బోరు మోటార్ల పనే. ఆ పక్క ఇంచి అంటే నీళ్ల లెక్క. "మీ బోరులో ఎంత పడిందప్పా?" అంటే "రెండించి" అంటారు, అంతే. చింతామణిలో మోటారు సామాన్లమ్మే నాగేశ్ రెండు ఫ్యాన్లు తీసి ముందర పెట్టినాడు. ఒకటి మూడు రెక్కలది, తళతళమంటాండాది, నడుమ 9 x 12 అని కొట్టి ఉండాది. ఇంకోదాని రెక్కలు కొడవలి మాదిరి వెనక్కి వాలి ఉండాయి.

"చెరువులో గడ్డి ఉండాదా అప్పా? అట్లయితే వాలు రెక్కలదే తీసుకో. గడ్డి జారిపోతాది."

"ఆ వంకర మూతిదా? నాకొద్దు. ఇది చూడు, తొమ్మిదించుల వెడల్పు, పన్నెండించుల నీళ్లుంటే చాలు!"

నాగేశ్ ఏదో చెప్పబోయినాడు. అంతలో ఎవరో పిలిస్తే అటు పోయినాడు.

"ఆ పన్నెండు నీళ్ల లోతేనా? ఒకతూరి అడగరాదా అప్పా," అనింది కూడా వచ్చిన చిక్కమ్మ.

"మోటార్ల సంగతి నాకు చెప్తావా అక్కా? నువ్వు చేపల సంగతి చూసుకోపో."

"సరేలే ఇంజనీరప్పా!" అని ఆమె నవ్వేసింది.

లోతు నీళ్లలో బోటు బాగానే పరిగెత్తింది. ఎండలకు చెరువు తగ్గినాక జిలేబి చేపలన్నీ వంక వచ్చి చెరువులో కలిసే పక్క చేరినాయి. ఆంజనేయప్ప బోటు అటు తిప్పినాడు. చిక్కమ్మ వల తాడు మణికట్టుకు చుట్టుకొని, లేచి నిలబడి, వల విసిరింది.

"బురద లేస్తాండాది. ఆపు!"

"పన్నెండించులకు పైనే ఉండాయి నీళ్లు. భయమేల?"

ఫ్యాను మొదట గడ్డిని పట్టింది, తర్వాత వల తాడును. తాడు చిక్కమ్మను లాగి పలకకేసి కొట్టింది. ఇంజను ఆగిపోయేలోగా మణికట్టు విరిగింది. మోకాటి లోతు నీళ్లలోకి ఆమె తనంతట తానే దిగి నిలబడింది.

"ఆపమంటి కదా అప్పా," అనింది.

చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో కట్టు కట్టించినాక ఆంజనేయప్ప నాగేశ్ దగ్గరికి పోయినాడు.

"రెండో అంకె లోతు కాదప్పా. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు పోతాదో ఆ లెక్క. చెక్కలోకి స్క్రూ దిగినట్ల."

స్క్రూలు బిగించీ బిగించీ చేతులు కాయలు కాసినోడు ఆంజనేయప్ప. అయినా ఫ్యాను కొన్న దినం ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు.

వాలు రెక్కల ఫ్యాను బిగించి, ఇంజను రవ్వంత పైకెత్తినాడు. ఇప్పుడు గడ్డిలో కూడా బోటు నున్నగా పోతాది. కట్టు విప్పినారు కానీ చిక్కమ్మ మణికట్టు వంకరగానే అతికింది.

"ఒక్కతూరి ఎక్కి చూడక్కా. ఇప్పుడేమీ పట్టుకోదు."

గట్టు మీద కూర్చున్న ఆమె బోటును కాదు, తమ్ముణ్ణి చూసింది.

"బోటు మంచిదే అప్పా. నువ్వు పోయిరా."

ఆయన ఒక్కడే పోయినాడు. వంక దగ్గర ఇంజను ఆపి, అక్క వల చేతికి తీసుకున్నాడు. విసిరితే అది విప్పారనే లేదు, ముద్దగా పడి మునిగిపోయింది.