ఎముకల బకెట్టు

మాది కిరాణా కొట్టు కుటుంబం. చింతగింజలు కూడా పారెయ్యకుండా అమ్ముకున్న వంశం. అలాస్కాలో ట్లింగిట్ ఆదివాసుల చిన్న చేపల పల్లెకు లెక్కల టీచర్‌గా వెళ్ళినప్పుడు, బేరమాడే పనే లేకుండా దొరికిన చేప చూసి నాకు కాస్త అవమానంగా కూడా అనిపించింది.

పక్కింటి పెద్దావిడ సాల్మన్ చేప కోసినప్పుడల్లా నాకో ముక్క పంపేది. పంపినప్పుడల్లా ఒకటే షరతు: "తిన్నాక ఎముకలు నీళ్ళకి తిరిగి ఇచ్చెయ్యి టీచర్. లేకపోతే చేపకి మళ్ళీ దారి తెలీదు."

కొన్నాళ్ళు ఇచ్చాను. కానీ అక్కడి వాన ఆగే వాన కాదు. పైగా అమెరికాలోనే చాండ్లర్ అనే ఊళ్ళో ఉన్న నా స్నేహితుడు తోటకని చేప ఎముకల ఎరువు బ్యాగులు బ్యాగులుగా కొంటాడు. ఉచితంగా వచ్చింది సముద్రంలో పోయడానికి నాకు చేతులు రాలేదు. మెంతికూర మడికని వెనక మెట్ల దగ్గర బకెట్టులో దాచడం మొదలుపెట్టాను. పెద్దావిడ అడిగితే, ఇచ్చేశానన్నాను.

ఆ ఏడు సముద్రం నుంచి ఏట్లోకి చేప సరిగా ఎక్కలేదు. ఆగస్టులో ఒక ఎలుగుబంటి, వెనకే పిల్లతో, వాసన పట్టుకుని మా మెట్ల దగ్గరికొచ్చి బకెట్టు ఖాళీ చేసింది. పెద్దావిడ కిటికీ తెరిచి, దగ్గరి చుట్టంతో మాట్లాడినట్టు, "అమ్మా, పిల్లని తీసుకుని వెళ్ళిపో, ఇది బడి పిల్లలు నడిచే దారి" అంది. ఎలుగు వెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. నేను అప్పటికే మెట్లు బ్లీచ్‌తో కడిగేశాను.

ఊళ్ళో ఇలాంటి పనులకు తుపాకీ పట్టేది పెద్దావిడ తమ్ముడే. ఇళ్ళ రుచి మరిగిన ఎలుగు ఇక అడవిలో ఉండదు, కాల్చాల్సిందే అన్నాడు. నేను బేరానికి దిగాను. వారం రోజులు అడిగాను. మూడు రోజులన్నాను. చివరికి ఒక్క రోజు దగ్గర తెగింది. సిగ్గులేకుండా, గెలిచాననుకున్నాను.

ఆ రోజంతా దాన్ని దూరం తరమాలని వానలో గిన్నెలు మోగిస్తూ తిరిగాను. తెల్లారాక, పిల్లలు బడికి బయల్దేరే వేళ, అది నేరుగా నా మెట్ల దగ్గరికే వచ్చింది. రెండు తూటాలు.

పెద్దావిడ దాని తల మీద చెయ్యి వేసి, తన భాషలో చాలాసేపు ఏదో చెప్పుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వూ చెప్పు. నీ భాషలోనే చెప్పు."

తప్పయిపోయింది, ఎముకలు దాచాను అన్నాను. అక్కడితో ఆగలేదు. అయినా ఏట్లో చేప ఉంటే నువ్వు వచ్చేదానివి కాదుగా అని కూడా అన్నాను.

ఏమన్నావని అడిగింది. రెండూ ఇంగ్లీషులో చెప్పాను.

"మొదటిది చాలు," అంది. "రెండోది దానికి తెలుసు."

పిల్ల ఎలుగు స్ప్రూస్ చెట్టెక్కి కూర్చుంది. సాయంత్రం దాకా ఎవరు పిలిచినా దిగలేదు. తల్లి లేకుండా అది చలికాలం దాటదని తమ్ముడు చెప్పాడు. ఈసారి నేను బేరమాడలేదు.