టవాలు చాటు బేరం

ఆ రోజుల్లో అన్నానని ఎడ్లబండ్లూ కిరసనాయిలు బుడ్లూ గుర్తు తెచ్చుకోకండి, నేను చెప్పేది నిన్న మొన్నటి సంగతే. మా ఊళ్లో సిగ్నలు మిద్దె మీద ఈశాన్యం మూలన మాత్రమే దొరికే రోజులవి. (ఆ మూల దేవుడిదట. మా ఇంట్లో దేవుడూ నేనూ వంతులేసుకుని వాడుకునేవాళ్లం.) డిగ్రీ అప్పుడే పూర్తయింది. చేతిలో కొత్త ఫోను, బుర్రలో కొండంత ధీమా. ఆ మూలన నిలబడి వేలు కదిలిస్తే చాలు, ఏ సరుకైనా బెళుగుప్ప పక్కనున్న మా ఊరికి నడిచి రావలసిందేనని నా నమ్మకం. క్రెడిట్ కార్డు లేదే అన్న దిగులు కూడా లేదు. మా వంశంలో ఎవరికీ ఆ కార్డు లేదు, అప్పు పుట్టించడానికి మావాళ్లకు దాని అవసరం ఎన్నడూ రాలేదు.

నా ధీమాకు అడ్డుగోడ మా నాయన. ఆయనకు కాస్త మెట్ట చేను, ఒక గొర్రెల మంద, భుజం మీద ఒక టవాలు ఉండేవి. మూడింటిలో ఆయన ఎక్కువ నమ్మింది టవాలునే. గొర్రెల సంతలో బేరం ఎలా జరుగుతుందో చూడనివాళ్లకు చెప్పాలి. అక్కడ ధర నోటితో అడగరు. కొనేవాడూ అమ్మేవాడూ చేయీ చేయీ కలుపుతారు, పైన టవాలు కప్పుతారు, లోపల వేళ్లు పట్టి నొక్కి ధర చెప్పుకుంటారు. వేలికి ఇంతని లెక్క. చుట్టూ ఎంతమంది మూగినా ఆ అంకె ఆ రెండు చేతులకు తప్ప మూడోవాడికి తెలియదు. అంతసేపూ ఇద్దరూ మొహాలు ఆకాశంలోకి పెట్టి, ఆ చేతులు తమవి కావన్నట్టు నిలబడతారు. చిన్నప్పుడు నాయన వెంట సంతకు పోయి ఆ మొహాలు చూసి పడీ పడీ నవ్వేదాన్ని. డిగ్రీకి వచ్చేసరికి నవ్వు పోయి సిగ్గు మొదలైంది.

ఆ ఏడు మా వైపు వాన దారి తప్పకుండా వచ్చింది, వేరుశనగ బాగా కాసింది. చెట్టు పీకి, ఆరబెట్టి, చేలోనే వామిగా కుప్ప వేశాం. నాయన లెక్కలో ఆ వామి అంటే ఇంటి ఖర్చు, గొర్రెలకు మేత. నా లెక్కలో అనంతపురంలో బ్యాంకు పరీక్షల కోచింగు. కాయ అమ్మగానే ఫీజు కట్టి పంపుతానని నాయన మాటిచ్చాడు. కాయ తడిసి బూజు పడితే నేను ఆ మిద్దె మూలనే మిగిలిపోతానని ఆయన చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. సరిగ్గా అప్పుడే టీవీలో వాయుగుండం అన్నారు. మా వాన గుణమే అంత. విత్తనం వేళకు బతిమాలినా రాదు, కాయ చేలో ఉంటే పిలవకుండా వస్తుంది. ఇంట్లో ఉన్న టార్పాలిన్ పట్టను గొర్రెలు నమిలి జల్లెడ చేసి పెట్టాయి. కళ్యాణదుర్గం అంగళ్లలో మబ్బు మాట వినగానే పట్టల ధర మబ్బు కంటే పైకి పోయింది.

"ఫోన్లో అయితే అందులో సగమే నాయనా. ముందే కడితే ఇంకా తగ్గిస్తారు" అన్నాను.

నాయన నా వైపు జాలిగా చూశాడు. "కంటితో చూడని గొర్రెకు బయానా ఇచ్చేటోడు యాడన్నా ఉండాడా పాపా?"

"ఇది గొర్రె కాదు, పట్ట."

"పట్టయితే ఇంకా మోసం. గొర్రె అన్నా అరుస్తాది."

ఇక ఆ దారిన లాభం లేదని నా తెలివి బయటికి తీశాను. నాయన పాత ఖాతాలో గొర్రెలమ్మిన డబ్బుంది. దాని జోలికి ఫోనును పోనివ్వకుండా, ఆయన పేరిటే ఇంకో చిన్న ఖాతా తెరిపించి, ఫోనుకు దాన్ని మాత్రమే కలిపి, పట్టకు సరిపడా డబ్బు అందులో వేయించాను. "సంతకు పోయేటప్పుడు ఖర్చు దుడ్లు జేబులో, అసలు దుడ్లు మొలలో పెట్టుకుంటావు కదా నాయనా, ఇదీ అంతే. దొంగ చెయ్యి పెట్టినా జేబే పోతాది" అన్నాను. ఈ మాట ఆయనకు నచ్చింది. "ఊ, సదివించిన దుడ్లు ఊరికే పోలేదులే" అన్నాడు. నాయన నోటి నుంచి అంత మాట రావడం మా ఇంట్లో అరుదు, నేను ఆ పూటంతా నేల మీద నడవలేదు. అయినా ముందు కట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. సరుకు ఇంటికొచ్చాక డబ్బిచ్చే పద్ధతిలోనే ఆర్డరు పెట్టాను.

కొరియరన్న వచ్చాడు, నెత్తిన హెల్మెట్‌తో సహా. ఎంత చెప్పినా దాన్ని తీయలేదు కనక హెల్మెటన్న అనే పిలుచుకుందాం. నాయన ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది, ఆయన హెల్మెట్ అద్దం పైకెత్తి తాగాడు. ఏ ఊరు, ఎవరి కొడుకువి, ఈ తూరి మీ కాడ వానలెట్ల అని విచారణలన్నీ అయ్యాయి. సంతలో బేరానికి ముందు జరిగే మర్యాదలివి, నాకు అప్పుడే అనుమానం రావలసింది.

"తెరువప్పా, చూద్దాం" అన్నాడు నాయన.

"తెరిచేకి లేదన్నా. దుడ్లిచ్చినాక మీరే తెరుచుకోండి."

"నోరు తెరిచి పండ్లు సూడకుండా గొర్రెను కొంటారా యాడన్నా?"

"ఇది గొర్రె కాదు కదన్నా" అన్నాడు హెల్మెటన్న. (ఆ మాట నేను ముందే అని ఓడిపోయానని పాపం ఆయనకు తెలియదు.)

నాయన సరేనన్నట్టు తలూపి, భుజం మీది టవాలు తీసి దులిపాడు. అది దేనికో నాకు తట్టేలోపే హెల్మెటన్న కుడిచేయి నాయన చేతిలోకి, టవాలు ఆ రెండింటి మీదికి, నాయన మొహం ఆకాశంలోకి పోయాయి. పట్ట ధర రెండు వేల నాలుగు వందలు. నాయన రెండు వేళ్లు పట్టి నొక్కాడు, అంటే రెండు వేలు. హెల్మెటన్నది సంత ఎరగని ఊరు. "ఏమన్నా, ఏం జేస్తాండావు? చెయ్యి ఇడువు!" అన్నాడు. బేరంలో గింజుకోవడం మామూలేననుకుని నాయన ఇంకాస్త పెంచి, మూడో వేలి కొస పట్టుకున్నాడు. "ఇడువన్నా సామీ, నాకు పెండ్లాం బిడ్డలుండారు!" అని కేకేసి, చేయి లాక్కుని, పార్సిలు చంకన పెట్టుకుని, బండెక్కి దుమ్ము లేపుకుంటూ పోయాడు. నాయన తొణకలేదు, బెణకలేదు. "వస్తాడులే. బేరగాడు రెండు తూర్లు లేసి పోతాడు, మూడో తూరి ఖాయం జేస్తాడు" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ మాత్రం "మజ్జిగ సగమే తాగినాడే" అని బాధపడింది.

బేరగాడు రెండో తూరి రాలేదు, మూడో తూరి రాలేదు. కస్టమర్ వద్దన్నారు, సరుకు వెనక్కి పోతుంది అని మెసేజీ వచ్చింది. తెల్లారేసరికి తూర్పున మబ్బు నల్లగా లేచింది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు వెనక కోపం వచ్చింది. "నీ టవాలు నా కోచింగును మింగింది" అని నాయన మొహం మీదే అనేశాను. ఆయన చేలో వామి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

కోపంలో బుద్ధి గడ్డి తింటుంది. మిద్దెక్కి, ఆ కొరియర్ వాళ్ల నంబరేదని నెట్టులో వెతికి, మొదట కనబడినదానికి ఫోను కొట్టాను. అవతలి గొంతు తేనె. "మేడమ్, మీ పార్సిలు మా దగ్గరే భద్రంగా ఉంది. మళ్లీ పంపడానికి ఐదు రూపాయలు కడితే చాలు. మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది నాకు చెప్పండి." నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి అతనే, కరిగిపోయాను. స్పీకరు నొక్కి చూస్తే నంబరు వచ్చింది. (ఎవరికీ చెప్పవద్దని దాని కిందే రాసి ఉంది. డిగ్రీ చదివినవాళ్లం అంత కింది దాకా చదవం.) "నాలుగు, ఏడు" అని మొదలుపెట్టానో లేదో ఫోను మీద చీకటి కమ్మింది. చూద్దును కదా, నాయన టవాలు.

"ఆ నంబరు ఎవరికి చెప్తాండావు?" అన్నాడు.

"కొరియర్ వాళ్లకు నాయనా! నువ్వుండు, మధ్యలో రాకు."

"వాని చెయ్యి నీ చేతిలో ఉండాదా?"

ఆయన టవాలుతో సహా ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏమప్పా, మా సరుకు నీ కాడే ఉండాదంటివి. ఏమి సరుకో చెప్పు సూద్దాం." మందలో కలిసిన గొర్రె నాదని వచ్చినవాణ్ణి చెవి గుర్తు అడిగే పద్ధతి అది. అవతలివాడు కాసేపు నీళ్లు నమిలి "మొబైల్ ఫోను సార్" అన్నాడు. "చేనుకు కప్పేంత ఫోనా అప్పా?" అని నాయన అడిగేసరికి లైను కట్టయింది. జేబు ఖాతా అని నేను గొప్పలు పోయిన ఖాతాలో ఉన్నది పట్ట డబ్బే. అది పోతే, పాత ఖాతా డబ్బు కోసం బ్యాంకుకు పోయొచ్చేలోపే వాన అందుకుంటుంది.

అక్కడ నేను కూలబడలేదు, ఆ మాత్రం చెప్పుకోనివ్వండి. మొహం కడుక్కుని, ఈసారి నెట్టు జోలికి పోకుండా, ఆర్డరు పెట్టిన యాప్ లోపలే వెతికాను. కళ్యాణదుర్గం ఆఫీసు నంబరు అందులోనే ఉంది. సరుకు ఇంకా అక్కడే ఉందట, సాయంత్రం బండికి వెనక్కి పోతుందట. "పద నాయనా" అన్నాను. మోపెడ్ మీద ఇద్దరం బయలుదేరాం. దారంతా ఆయన మబ్బుతో మందను అదిలించే భాషలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, చాలావరకు తిట్లే.

ఆఫీసులో బల్ల వెనక పెద్ద మీసాలాయన ఒకరు కూర్చున్నారు. ఆయన నన్నూ నాయననూ టవాలునూ వరసగా చూసి, "ఓహో, మా పిల్లోని చెయ్యి పట్టుకున్నది నువ్వేనా అన్నా? వాడు మళ్లా మీ ఊరి పక్కకే పోనంటాండాడు" అన్నారు. ఒకసారి వద్దని రాసినాక నగదు తీసుకోవడానికి లేదని, గోడ మీది కోడ్‌కు ఫోన్లో కడితే సరుకు ఇస్తామని చెప్పారు. నేను ఫోను తీసి స్కాన్ చేశాను. మనిషి పేరు కాకుండా కంపెనీ పేరే వచ్చిందని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. (పొద్దుటి దెబ్బ ఊరికే పోలేదు.) ఇంతలో పక్కన టవాలు దులిపిన చప్పుడైంది. నేను కళ్లు మూసుకున్నాను.

కేకలేవీ వినబడలేదు. ఒక కన్ను తెరిచి చూశాను. మీసాలాయన కుర్చీలోంచి లేచి, తనంతట తానే చేయి టవాలు కిందికి పెట్టారు. నాయన ఫ్యాను వైపు చూస్తున్నాడు, మీసాలాయన క్యాలెండరు వైపు చూస్తున్నారు. టవాలు లోపల ఏదో కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. "ఖాయం" అన్నాడు నాయన.

ఇక మిగిలింది పిన్ను. అది నాయనకే తెలుసు, నాకు కూడా చెప్పలేదు. ఫోను మీద టవాలు కప్పాడు. పైనుంచి అంకెలు కనబడక తల కూడా లోపలికి పెట్టాడు. పాతకాలం ఫోటోలు తీసేవాళ్లలాగా వంగి, లోపలినుంచి "యాడుండాది పాపా ఆరు?" అని అడిగాడు. ఆఫీసంతా విన్నది. నేను నెత్తి కొట్టుకున్నాను. బ్యాంకు రహస్యమంతా అంత భద్రంగా దాచి, చివరికి ఒక అంకెను పదిమందికీ దానం చేశాడు. (మర్నాడే ఆ పిన్ను మార్పించాను.) మొత్తానికి టింగుమంది.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "ఎంత తగ్గించినాడు నాయనా?"

"ఒక్క రూపాయి తగ్గించలా."

"మరి ఖాయమంటివే!"

"తగ్గేకి లేదని చెయ్యి పట్టుకుని చెప్పినాడు కదా. అట్ల చెప్తే ఎవరు కాదంటారు?"

పట్ట కప్పి, అంచులకు రాళ్లు పేర్చి, ఇంటికి పరుగెత్తేసరికి వాన అందుకుంది. మా గడ్డ మీద అంత వాన నేను మళ్లీ చూడలేదు. అమ్మ వాకిట్లో నిలబడి "హెల్మెటోడు యాడ తడుస్తాండాడో" అంది. వెలిసినాక పోయి పట్ట ఎత్తి చూస్తే కాయ ఎండినది ఎండినట్టే గలగలమంది. నాయన ఒక కాయ చిదిమి నా నోట్లో పెట్టాడు. ఆ టవాలును అన్ని మాటలన్నందుకు నాకు సిగ్గేసింది.

ఇప్పుడు నేను ఒక బ్యాంకు కౌంటరు వెనక కూర్చుంటాను. కార్డు లేకపోయినా ఆన్‌లైన్‌లో ఎలా కొనాలని అడిగే మా పల్లెలవాళ్లకు జేబు ఖాతా సంగతీ, సరుకొచ్చాక డబ్బిచ్చే పద్ధతీ చెబుతాను. నంబరు అడిగేవాడి చెయ్యి మీ చేతిలో లేకపోతే చెప్పొద్దంటాను. వాళ్లకు ఠక్కున అర్థమవుతుంది. నా పిన్ను నేను కొట్టుకునేటప్పుడు చున్నీ కొస ఫోను మీదికి దానంతటదే పోతుంది, పక్క సీటు అక్క రోజూ నవ్వుతుంది.

మొదటి జీతం అందుకుని ఊరికి పోయిన రోజు మా వాకిలి బంధువులతో నిండి ఉంది. మామ వరసాయన ఒకరు అందరి ముందూ "జీతమెంత పాపా?" అని గట్టిగా అడిగాడు. జనం అంతా చెవులు రిక్కించారు. టవాలు పేరెత్తితే తల దించుకునే ఆ డిగ్రీ పిల్ల ఉండి ఉంటే, నేను చేసిన పనికి ఏ గదిలోకో పారిపోయి ఉండేది. నేను నాయన భుజం మీది టవాలు లాగి, దులిపి, ఆయన చేతి మీద కప్పి, లోపల వేళ్లు పట్టి ఒక్కొక్కటే నొక్కాను. నాయన పద్ధతి తప్పలేదు, మొహం ఆకాశంలోకే పెట్టాడు. అంకె చెప్పడం అయిపోయింది. నాయన మాత్రం నా చేయి వదల్లేదు.