టైలరు ఎడమ కన్ను

బస్సు కుదిపినప్పుడల్లా పక్క సీటావిడ ఒళ్ళో ఉన్న నల్ల పెట్టెను రెండు చేతులా అదిమి పట్టుకుంటోంది. పై అరలో పెట్టొచ్చు కదమ్మా అన్నాను.

"పెట్టొచ్చు బాబాయ్‌గారూ. పడితే మళ్ళీ కొనిచ్చేదెవరు?"

పెట్టెలో ఉన్నది కంటి వెనక పొరను ఫొటో తీసే కెమెరా. షుగర్ వల్ల అక్కడి సన్నటి రక్తనాళాలు చెడుతుంటే, చూపు తగ్గకముందే ఫొటోలో తెలుస్తుందట. ఆ పెట్టె మోసుకుంటూ ఊరూరా తిరగడం, "నాకు బాగానే కనిపిస్తోంది" అన్న మాట వినడం పదకొండేళ్ళుగా ఆవిడ ఉద్యోగం.

"బాగా కనిపిస్తున్నప్పుడే రమ్మంటాను. కనిపించడం మానేశాక వస్తారు. అప్పుడు నేనేం తియ్యాలి, నా మొహమా?"

నేను చూసిన ఊళ్ళన్నిటిలోనూ గొడుగులు బాగుచేసేవాడికి వాన మొదలయ్యాకే గిరాకీ. ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"మీరెప్పుడు చూపించుకున్నారు?"

కిటికీలోంచి బయటికి చూశాను.

"అందరూ ఒకటే" అని నిట్టూర్చి, తన అన్న సంగతి చెప్పింది. ఆయన టైలరు. పద్నాలుగేళ్ళుగా షుగరు. నెత్తీ నోరూ బాదుకుంటే కిందటి నెల వచ్చి కూర్చున్నాడు. కుడి కన్ను ఫొటో తీయగానే ఎవరో కోటు కోసం వచ్చారని లేచిపోయాడు. ఆ కన్ను శుభ్రంగా ఉందన్న కాగితాన్ని దుకాణంలో అద్దం పక్కన అంటించుకున్నాడు.

"ఎడమదో అంటే, రెండూ ఒకే ఒంట్లోవేగా అంటాడు. నన్ను చదివించింది ఆ కళ్ళే, బాబాయ్‌గారూ. తల ప్రాణం తోకకొస్తోంది."

ఆవిడ దిగిన చోటే నేనూ దిగాను. నాకు ఏ స్టాపైనా ఒకటే.

దుకాణంలో అన్నగారు మెడలో టేపుతో, కాలి కింద మిషనుతో ఉన్నాడు. చెల్లెల్ని చూడగానే కుడి కన్ను మూసి, ఎడమ కంటితో సూదిలోకి దారం ఎక్కించాడు. మొదటిసారికే ఎక్కింది.

"చూశావా? ఇక బయల్దేరు."

"చూపు పోయిందని రాలేదు అన్నయ్యా, పోకుండా చూద్దామని వచ్చాను. లే."

గొణుక్కుంటూ ట్రయల్ రూములోకి నడిచాడు. ఆవిడ లైటార్పి తెర లాగింది. ఎడమ కన్ను ఫొటో తీయగానే కెమెరా తెరమీద ఎర్రటి గుండ్రం కనిపించింది. అందులో చీమలు కుట్టినట్టు చుక్కలు, పక్కన పసుపు మరకలు. ఆవిడ ఆ మరకల పక్కన వేలు పెట్టి చూపించింది.

"చూపు నిలిచే చోటికి దగ్గరగా వచ్చాయి. ఇప్పుడైతే డాక్టరు ఆపగలడు. సోమవారం రా."

"పెళ్ళి కోట్లున్నాయి. గిరాకీ తగ్గాక చూద్దాంలే."

ఆవిడ మొహం మాడింది. మాట మార్చుదామని నేను ఆయన టేపు వంక చూపించి, అంకెలన్నీ చెరిగిపోయాయి, కొత్తది కొనకూడదా అన్నాను.

"ఇది సాగిపోయింది సార్. కానీ పుస్తకంలో అందరి కొలతలూ దీంతో తీసినవే. కొత్తదాంతో కోస్తే ఊరందరికీ బిగుతే."

ఆవిడ ఆయన మెడలోంచి టేపు లాగి తన మెడలో వేసుకుంది.

"ఏయ్, రేపు కటింగుంది."

"సోమవారం తొమ్మిదింటికి ఆస్పత్రి గుమ్మం దగ్గరుంటాను."

"మూడు రోజులు నేనేం చెయ్యను?"

"గుండీలు కుట్టు. కళ్ళు బాగున్నాయిగా."

ఆయన నా వంక చూశాడు, టేపు నేనిప్పిస్తానేమో అన్నట్టు. నేను తిరిగి చూసేసరికి ఆవిడ పెట్టె చంకన పెట్టుకుని రోడ్డు దాటేస్తోంది. వెళ్ళొస్తానని ఆయనకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. టేపు కొసలు రెండూ భుజాల మీద ఎగురుతున్నాయి.