నీరు తగ్గించాలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా నాయనకు సంతకం వరకు వచ్చు. మా అమ్మకు అదీ రాదు. నేను ఐదో తరగతికి వచ్చేసరికి ఇంటికి వచ్చే ప్రతి కాగితం నా చేతికే వచ్చేది. రేషన్ కార్డు, పెళ్ళి శుభలేఖ, పడుకోబోయే ముందు మా అమ్మ చదివించుకునే బైబిలు వాక్యం, ఏదైనా సరే. నేను చదువుతుంటే ఇంట్లో వాళ్ళు చేతిలో పని ఆపి వినేవాళ్ళు. అది నాకు చాలా గర్వంగా ఉండేది.

మా ఊరి నుంచి గిద్దలూరుకు ఆటోలో అరగంట. మా నాయన కూలి పనులకు పోయేవాడు. ఆ ఏడు మిరపకాయల కోతలు అయిపోతున్న రోజుల్లో, పొద్దున లేచేసరికి ఆయన ముఖం ఉబ్బి ఉండటం మొదలైంది. కొన్నాళ్ళకు పాదాలు కూడా. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడేది కాదు. అది పూడేదాకా నేను అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. మొదట్లో పది లోపలే పూడేది. తర్వాత ఇరవై అయింది. ముప్పై దాటిన రోజున భయమేసి లెక్కపెట్టడం మానేశాను. ఊళ్ళో చూసిన ప్రతివాళ్ళూ ఒకే మాట అన్నారు, కాళ్ళకు నీరు దిగిందని.

అమ్మ ఆయనను గిద్దలూరులో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు మాత్రలు రాశాడు. అక్కడి నర్సును అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. జాగ్రత్తలు మర్చిపోతానని అమ్మ అడిగితే, ఆమె చీటీ వెనక తెలుగులో మూడు వరుసలు రాసి ఇచ్చింది. సాయంత్రం బడి నుంచి రాగానే అది నా చేతికి వచ్చింది. ఉప్పు తగ్గించాలి. నీరు తగ్గించాలి. వారానికొకసారి వచ్చి చూపించుకోవాలి.

"ఉప్పంటే సరే. నీరెట్ల తగ్గించేదిరా?" అంది అమ్మ.

నేను నాయన పాదాలు చూపించాను. "ఈ నీరేమ్మా," అన్నాను.

ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటికి రెండు వారాలుగా మా ఇంట్లో ఆ మాటకు ఆ ఒక్క అర్థమే ఉంది. తాగేవాటిని మేము నీళ్ళు అంటాం. ఒంటికి పట్టేది నీరు. చీటీలో ఉన్నది నీరు కాబట్టి అది వాపేనని నాకు ఏ సందేహమూ లేదు.

పక్కింటి పెద్దమ్మకు ఇలాంటి వాటికి ఉపాయాలు తెలుసు. "నీరు తగ్గాలంటే కిందికి దిగాల. బార్లీ కాంచి తాపు. ఒంటేలు బాగా పోతే ఒంట్లో నీరంతా దాంతోనే పోతాది," అంది. అంతటితో ఆగక పొలం గట్ల మీద తిరిగి పల్లేరు కాయలు ఏరుకొచ్చి, కషాయం కాచి ఇచ్చింది. ఆమె మా మంచి కోరే చేసింది. నేను దుకాణానికి పరుగెత్తి బార్లీ పొట్లం తెచ్చాను. మామయ్య రోజూ ఒక కొబ్బరి బోండాం పంపించేవాడు.

దప్పిక లేదని నాయన అంటే అమ్మ ఒప్పుకునేది కాదు. మందనుకుని తాగమనేది. ఎన్ని తాగాడో లెక్క రాసే పని నేను తీసుకున్నాను. నా పలక మీద నిలువుగా గీతలు కొట్టి, బార్లీకి ఒక వరుస, కషాయానికి ఒకటి, బోండానికి ఒకటి, మజ్జిగకు ఒకటి పెట్టాను. బార్లీ రోజుకు ఆరు గ్లాసులు. నాయన సగం తాగి గ్లాసు కింద పెడితే నేను ఒప్పుకోలేదు.

"నాయనా, ఇంకా సగముంది."

"మా మేస్త్రీ కంటే ఘోరంగా ఉన్నావురా నువ్వు," అని నవ్వి, మిగతా సగం కూడా తాగేవాడు.

నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే నాయన మంచం మీద కూర్చుని, మంచం పట్టె రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. పడుకోబెడదామని అమ్మ భుజం పట్టుకుంటే తల అడ్డంగా ఊపాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో గురగురమని చప్పుడు. పెదాలు నల్లబడ్డాయి. నా వైపు చూసి ఏదో చెప్పబోయి, మాట మధ్యలో ఆపేశాడు. అంతకుముందు మా నాయన భయపడటం నేను చూడలేదు.

ఆటోలో అమ్మ దారి పొడవునా ప్రార్థన చేస్తూనే ఉంది. నేను పలకను చొక్కాకు ఆనించి పట్టుకున్నాను. మేము చెప్పినవన్నీ చేశామని డాక్టరుకు చూపించాలి కదా.

సిస్టరమ్మ నాయనను చూడగానే మంచం తల వైపు ఎత్తించి, వీపు వెనక దిండ్లు పెట్టి, కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చోబెట్టింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది. చేతికి సూది వేసింది. అన్నీ అయ్యాకే అమ్మ వైపు తిరిగింది.

"నీరు తగ్గించినారా లేదా?"

"తగ్గలేదమ్మా. ఇంకా పైకి పొంగింది."

"అది కాదమ్మా నేనడిగేది. ఎంత తాగినాడు?"

"బాగానే తాగినాడు. ఒక్క గ్లాసు వదల్లేదు. ఇదిగో, వీడు రాసిపెట్టినాడు."

అమ్మ నా చేతిలో పలక తీసి ఇచ్చింది. సిస్టరమ్మ పై నుంచి కింది దాకా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. పలక తీసుకుని లోపలికి పోయింది. గదిలో నుంచి డాక్టరు గొంతు వినిపించింది. "ఇన్ని నీళ్ళా? బోండాలు కూడానా?"

నీరంటే నీళ్ళని నాకు అప్పుడు తెలిసింది.

నేను మెట్ల కింద, చెప్పులు విడిచే చోట దూరి కూర్చున్నాను. జరిగినవన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి. చీటీ చదివింది నేను. అర్థం చెప్పింది నేను. బార్లీ తెచ్చింది నేను. సగం గ్లాసు వదిలేస్తానంటే వదలనివ్వంది నేను. నాయన చచ్చిపోతే ఈ నాలుగూ నా మీదే ఉంటాయి. అమ్మకు ఇంకా తెలీదు. కాసేపట్లో ఎవరో చెబుతారు. అప్పుడు అమ్మ నన్ను కొట్టదని నాకు తెలుసు. ఊరికే చూస్తుంది.

సిస్టరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆమె చేతిలో ఆ చీటీ ఉంది.

"చదువు," అంది. చదివాను. "ఏమని అర్థమైంది నీకు?"

చెప్పాను. ఆమె జేబులోంచి పెన్ను తీసి రెండో వరుస కొట్టేసి, దాని కింద రాసింది. నీళ్ళు, మజ్జిగ, టీ, బార్లీ, చారు, తాగేది ఏదైనా సరే, అన్నీ కలిపి రోజుకు నాలుగు గ్లాసులు దాటకూడదు. బోండాం అసలు వద్దు.

"నువ్వు చదివింది సరిగానే చదివినావు. సరిగా రాయంది నేను," అంది. "లోపల మీ అమ్మకు కూడా ఇదే చెప్పి వచ్చినా."

"మా నాయన బతుకుతాడా?"

"ఇప్పుడే చెప్పలేను నాయనా. సూదికి ఒంటేలు రావాల. వస్తే ఊపిరి తేలికైతాది. రాకపోతే పెద్దాసుపత్రికి పంపిస్తాం." నా చెయ్యి పట్టుకుని లేపి, "నీకు లెక్క బాగా వచ్చు గదా. రా, పనుంది," అంది.

గీతలున్న ఒక ప్లాస్టిక్ జాడీ ఇచ్చింది. నాయనకు ఒంటేలు వచ్చినప్పుడల్లా అందులో పట్టి, ఏ గీత దాకా వచ్చిందో, గోడ గడియారంలో ఎంతయిందో చెప్పాలి. నేను మంచం పక్కన నిలబడ్డాను. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. జాడీ ఖాళీగానే ఉంది. నాయన కళ్ళు మూసుకుని ఒక్కో ఊపిరీ బలవంతంగా లాగుతున్నాడు. రెండు ఊపిరుల మధ్య కొంచెం ఆలస్యమైతే నేను నా ఊపిరి బిగబట్టేవాణ్ణి. అమ్మ ముఖం వైపు చూసే ధైర్యం లేదు. ఒకసారి ఆమె చెయ్యి నా తల మీద పడింది. అయినా తలెత్తలేదు.

ఒంటిగంట దాటాక నాయన జాడీ కోసం చెయ్యి కదిపాడు. జాడీలో ఒక గీత దాకా వచ్చింది. నేను వరండాలోకి పరుగెత్తి, అంతమంది ముందు, మా నాయనకు ఒంటేలు వచ్చిందని చెప్పాను. ఎవరో నవ్వారు. సిస్టరమ్మ నవ్వలేదు. ఎంత, ఎప్పుడు అని అడిగి రాసుకుంది. తర్వాత మూడు గీతలు వచ్చాయి. ఆ తర్వాత జాడీ నిండింది. సాయంత్రం గుంటూరు ప్యాసింజరు రైలు కూత వినిపించే వేళకు ఛాతీలో ఆ చప్పుడు తగ్గింది. నాయన దిండ్లకు ఆనుకుని నిద్రపోయాడు. నాకు అప్పుడు ఇంకా భయమేసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఆరు రోజులు అక్కడే ఉన్నాం. ఇంటికి పోయే రోజున సిస్టరమ్మ మా అందరినీ మంచం చుట్టూ నిలబెట్టింది. చూడటానికి వచ్చిన పక్కింటి పెద్దమ్మను కూడా వదల్లేదు. పొద్దున్నే నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక సీసాలో పోసి పెట్టుకోవాలి. నాయన టీ తాగితే టీ అంత, మజ్జిగ తాగితే మజ్జిగ అంత, సీసాలో నీళ్ళు చెట్టుకు పారబోయాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు తాగడం అయిపోయినట్టే. అంతా చెప్పి ఊరుకోలేదు. ఇంటికి పోయి ఏం చేస్తారో ఒక్కొక్కరినీ తిరిగి చెప్పమంది.

అమ్మ రెండుసార్లు తడబడి మూడోసారి సరిగా చెప్పింది. నాయన వంతు వచ్చింది.

"వీడు పోసినంత తాగుతానమ్మా."

"అట్ల కుదరదు. వీడు బడికి పోతే?"

నాయన తల గోక్కుని మొత్తం చెప్పాడు. చివరికి పెద్దమ్మ. "రేపు ఏం తాపుతావు పెద్దమ్మా?" అని అడిగితే, "నా తలకాయ తాపుతా. ఇంక ఆ గడప తొక్కితే ఒట్టు," అంది. ఆసుపత్రికి వచ్చాక నాయన నవ్వడం అప్పుడే చూశాను. ఆమెను గడప తొక్కొద్దనలేదు సిస్టరమ్మ. కషాయం తేవద్దని మాత్రమే చెప్పి, ఆమె చేత కూడా చెప్పించుకుంది.

నాయన ఆ జబ్బుతోనే ఇంకో తొమ్మిదేళ్ళు బతికాడు. చివరి రెండేళ్ళు డయాలసిస్ మీద గడిచాయి. ఇప్పుడు నేను ఆ యంత్రాల దగ్గరే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. యర్రగొండపాలెం నుంచి, వెలిగండ్ల నుంచి రోగులు తెల్లారి బస్సుకు బయలుదేరి వస్తారు. ప్రతివాళ్ళ బరువూ చూస్తాను, రక్తపోటు చూస్తాను, పాదాల మీద వేలు పెట్టి నొక్కి చూస్తాను. పోయేటప్పుడు ఎంత తాగాలో చెబుతాను. పక్కనున్న కొడుకో కూతురో బస్సుకు ఆలస్యమవుతుందని సంచి సర్దుకుంటూ, అర్థమైంది సార్ అంటారు.

ఆ మాట వినగానే నాకు భయమేస్తుంది. ఇన్నేళ్ళ పనిలో ఈ భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. సంచి కింద పెట్టించి, ఇంటికి పోయి ఏం చేస్తారో చెప్పమంటాను. బస్సు పోతే ఇంకో బస్సు ఉంది. వాళ్ళు చెప్పేదాకా తలుపు దగ్గరే నిలబడతాను.