చేత్తోనా, కాలుతోనా?

ఆ రోజు సికింద్రాబాద్ నుంచి కాప్రా వెళ్లే బస్సులో ఫోన్ పట్టుకుని గొంతు చించుకుంటున్నాను. నా షెడ్డులో ఒక పాత ఆటోమేటిక్ కారు వారం రోజులుగా నన్ను ఏడిపిస్తోంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గేరు ఒకటి దిగి బండి ముందుకు దూకాలి. దాన్నే కిక్‌డౌన్ అంటాం. అది రావడం లేదు. గేరుబాక్సులో నూనెను నడిపించే వాల్వ్ బాడీయే పోయిందని తేల్చేసి, కొత్తది పంపమని పార్టుల షాపువాడికి చెబుతున్నాను.

పక్కసీట్లో ఖాకీ చొక్కా వేసుకున్న ఒకావిడ, స్కూలు వ్యాను డ్రైవరు కాబోలు, నావైపు తిరిగింది.

"కిక్‌డౌన్ కేబుల్ చూసినవా అన్నా?" అంది. పెడల్ కదలికను గేరుబాక్సుకు చేరవేసే తీగ అది.

"చూడకుంటనా అక్కా? బానెట్ లేపి గుంజి చూసిన. మంచిగనే ఉంది."

"చేత్తోని గుంజినవ్. కాలుతోని తొక్కితే సుత గంత వస్తుందా?"

చెప్పు విడిచి, ఉత్త పాదంతో బస్సు నేలను గట్టిగా నొక్కి చూపించింది. ఏ.ఎస్. రావు నగర్‌లో దిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్ల మెకానిక్కుకి పాఠాలా!

అయినా షెడ్డుకు రాగానే, ఎవరూ చూడకుండా చెప్పులు విడిచి డ్రైవరు సీట్లో కూర్చుని తొక్కాను. పెడల్ కింద మెత్తగా ఏదో అడ్డం తగిలింది. ఓనరు ముచ్చటపడి వేయించుకున్న మందపాటి మ్యాటు! పెడల్‌ని అడుగుదాకా పోనివ్వడం లేదు. పీకి అవతల పారేశాను.

ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని, సైనిక్‌పురిలో ఖాళీ రోడ్డు చూసి పూర్తిగా తొక్కాను. గేరు దిగింది, ఇంజను గర్జించింది, ఆయన వీపు సీటుకు అతుక్కుపోయింది.

"కొత్త వాల్వ్ బాడీ ఏసినవా ఏందీ?" అని అరిచాడు.

"లేదు సార్," అన్నాను, "చెప్పులు విడిచిన."