చుక్క పెట్టిన చోటు

మా పిన్ని హైస్కూలు పిల్లలకి లెక్కలు, ఫ్రెంచి చెబుతుంది. చెబుతుంది అనడం కూడా ఎక్కువే. పిల్లలు చేసుకొచ్చిన లెక్క చూసి, ఎక్కడ దారి తప్పారో ఆ వరస పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెడుతుంది. ఫ్రెంచి అయితే మాట కింద పెడుతుంది. నోరు విప్పదు. "చూసుకో" అనేదే ఆవిడ పాఠం. చిన్నప్పుడు ఆ చుక్కలకి నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు.

సాయంత్రం నాలుగయ్యేసరికి ముందుగది కిక్కిరిసిపోతుంది. అయినా కిటికీ పక్క కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వదు. కారణం నాకొక్కదానికే చెప్పింది.

ఇరవై ఏళ్ళ కిందట అక్కడొక పిల్ల కూర్చునేది. పరీక్ష ముందురోజు ఒక లెక్క చేసి చూపించింది. మూడో వరస మామూలు పద్ధతిలో లేదు. పిన్ని అలవాటు కొద్దీ చుక్క పెట్టేసింది. మర్నాడు పరీక్షలో అదే తరహా లెక్క వచ్చింది. పిల్ల తన పద్ధతిలోనే చేసి, చుక్క గుర్తొచ్చి, మొత్తం కొట్టేసింది. రెండు మార్కుల తేడాతో తప్పింది. ఇంట్లోవాళ్ళు చదువు మానిపించి కుట్టుపనిలో పెట్టారు. ఇదంతా ఆ పిల్లే వచ్చి చెప్పి వెళ్ళింది.

ఆ పిల్ల మర్చిపోయిన నోటుబుక్కు ఆ వేసవిలో పిన్ని కంటబడింది. చుట్టుదారే గాని లెక్క ఒప్పు. వెళ్ళి చెప్పడానికి మాత్రం కాళ్ళు రాలేదు. అప్పట్నుంచి ఎవరి నోటుబుక్కు తెరిచినా ఆ మూడో వరసే కనిపిస్తుందట. చుక్క పెట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. పిల్లలు ఆవిడకి చాదస్తం ముదిరిందనుకుంటారు.

మొన్న ఆ పిల్లే వచ్చింది, మెళ్ళో కొలత టేపుతో, వెంట కూతురితో. తిన్నగా వెళ్ళి కూతుర్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"మేడం చుక్క పెడితే మారుమాట్లాడకు. నాది మట్టిబుర్ర, అందుకే పరీక్ష పోయింది," అంది కూతురితో.

పిన్ని బీరువాలోంచి పాత నోటుబుక్కు తీసుకొచ్చింది.

"నీ లెక్క ఒప్పేనమ్మా. తప్పు నాది. అప్పుడే తెలిసింది, చెప్పలేదు."

పిల్ల తల్లి వరసల మీద వేలు పెట్టి చదువుకుంటూ చుక్క దగ్గర ఆగింది.

"ఇప్పటికీ గుడ్డ కొయ్యాలంటే పక్కావిడ చేత ఒకసారి కొలిపించుకుంటాను మేడం. నా లెక్క మీద నాకు నమ్మకం లేదు," అంది మెల్లగా.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆరింటికి వస్తాను. దీనికి చుక్క పెడితే, ఎందుకు పెట్టారో నోటితో చెప్పండి."

ఇప్పుడు పిన్ని వరస వరసకీ కారణం చెబుతోంది. కిటికీ వైపు మాత్రం కళ్ళెత్తదు. అక్కడ కూర్చున్న పిల్లది అచ్చం వాళ్ళమ్మ మొహమే.